ఒకే గాజు బొమ్మకి ఇద్దరి పేర్లెందుకు? ఆర్ట్ గ్లాస్ ప్రదర్శనలో ఏం చూడాలి

హాయ్ అండీ. ఇద్దరు ఆర్టిస్టులు కలిసి చేత్తో చేసిన గాజు కళాకృతుల ప్రదర్శన పెట్టారనుకోండి. మనలో చాలామంది లోపలికి వెళ్లగానే ఫోన్ తీస్తాం, నాలుగు ఫోటోలు కొడతాం, "అబ్బ, భలే ఉందే" అనుకుంటూ పది నిమిషాల్లో బయటికొచ్చేస్తాం. కానీ గాజు ఫోటోకి లొంగదండీ. దాని అందమంతా మందంలో ఉంటుంది, ఆ మందం ఫోటోలో కనిపించదు.

(స్క్రీన్ మీద: ఎర్రగా కాలిన గాజు ముద్ద, గొట్టం చివర తిరుగుతూ)

ముందు కాస్త సైన్స్, త్వరగా చెప్పేస్తాను. ఇసుకలో ఉండే సిలికా ఒక్కటే కరగాలంటే దాదాపు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా (తాగే సోడా కాదు, సోడా యాష్ అనే పొడి) కలిపితే అంతకంటే చాలా తక్కువ వేడికే కరుగుతుంది, కాకపోతే వట్టి సోడాతో చేసిన గాజు నీళ్లలో కరిగిపోతుంది, అందుకని సున్నం కూడా వేస్తారు. రంగులు లోహాల నుంచి వస్తాయి. కోబాల్ట్ వేస్తే ముదురు నీలం, ఇనుముతో ఆకుపచ్చ, అతి కొద్దిగా బంగారం వేస్తే కెంపు ఎరుపు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రదర్శనలో కనిపించే గాజు ఎక్కువగా రెండు రకాలు, ఊదినది, అచ్చులో పోసినది. ఊదేవాళ్లు బోలు ఇనుప గొట్టం చివర కరిగిన గాజుని చుట్టుకుని తీస్తారు. అప్పటినుంచి ఆ గొట్టాన్ని తిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే ముద్ద ఒక పక్కకి జారిపోతుంది, చల్లారితే మాట వినదు, కాబట్టి కాసేపు పని చేయడం, మళ్లీ మంటలో పెట్టడం, మళ్లీ పని చేయడం. ఆకారం వచ్చాక ఒక చిక్కు ఉంటుంది. పాత్ర మూతి వైపు గొట్టం అతుక్కుని ఉంది కదా, మరి మూతిని తీర్చిదిద్దేదెలా? అక్కడే రెండో మనిషి కావాలి. ఆయన ఇంకో ఇనుప కడ్డీకి చిటికెడు వేడి గాజు అంటించి తెచ్చి పాత్ర అడుగున అతికిస్తాడు, అప్పుడు మొదటి గొట్టాన్ని టక్‌మని కొట్టి విడగొడతారు. మూతి పని అయ్యాక ఆ కడ్డీని కూడా విడగొడితే అడుగున చిన్న మచ్చ మిగులుతుంది. దాన్నే పాంటిల్ మచ్చ అంటారు. కొందరు అరగదీసి నున్నగా చేస్తారు, కొందరు అలాగే ఉంచేస్తారు. నాకైతే ఉంచితేనే ఇష్టం. అది చూడాలనిపిస్తే గ్యాలరీ వాళ్లని అడగండి, దయచేసి మీరే ఎత్తి చూడకండి!

అచ్చులో పోసే గాజుది వేరే కథ. మట్టితోనో మైనంతోనో బొమ్మ చేసి, దానికి వేడి తట్టుకునే అచ్చు తీసి, అందులో గాజు ముక్కలు నింపి బట్టీలో పెడతారు. కరగడం కంటే చల్లార్చడమే పెద్ద పని. పైపొర ముందే గట్టిపడిపోయి, లోపలి భాగం తర్వాత చల్లారుతూ ముడుచుకుంటే, ఆ లాగుడు గాజులోనే ఉండిపోతుంది, ఎప్పుడో ఒకరోజు బొమ్మ దానంతటదే పగులుతుంది. అందుకని వేడిని మెల్లమెల్లగా దించుతారు. ఊదిన చిన్న పాత్రకి ఒక రాత్రి సరిపోవచ్చు, మందపాటి బొమ్మకి వారాలు, బాగా పెద్దదైతే నెలలు పడుతుంది. టెన్షన్ అంటే అదీ, బట్టీ తలుపు తీసేదాకా లోపల ఏం జరిగిందో తెలీదు.

(స్క్రీన్ మీద: అంచుల్లో వెలుగుతూ, మధ్యలో చీకటిగా ఉన్న ఎర్ర గాజు దిమ్మ)

ఇద్దరు కలిసి చేయడం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది చెక్ దంపతులు స్టానిస్లావ్ లిబెన్స్కీ, యరోస్లావా బ్రిఖ్తోవా. ఆయన కాగితం మీద గీసేవారు, ఆమె దాన్ని మట్టిలో బొమ్మగా మలిచేవారు, తర్వాత దాన్ని గాజుగా పోతపోసేవారు. 1950ల మధ్యలో మొదలైన ఈ జోడీ 2002లో ఆయన పోయేదాకా కలిసే పనిచేసింది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో వాళ్ల పని ప్రపంచం కంట్లో పడింది. వాళ్ల పద్ధతి ఏంటంటే, బొమ్మంతా ఒకటే రంగు గాజు, కానీ పలుచగా ఉన్న చోట వెలుగు దూసుకొస్తుంది, మందంగా ఉన్న చోట అదే రంగు దాదాపు నలుపుకి తిరుగుతుంది. అంటే నీడల్ని కూడా వాళ్లే కొలిచి పెట్టారన్నమాట! ఇందులో ఆయన వాటా ఎంత, ఆమె వాటా ఎంత అని తూకం వేయాలని చూస్తే బొమ్మ చూడటం మానేస్తాం.

అమెరికాలో కూడా ఇలాంటి జోడీ ఒకటుంది, అయితే వీళ్లు కలిసింది బొమ్మ కోసం కాదు, కొలిమి కోసం. అప్పటిదాకా అక్కడ గాజు ఊదడం ఎక్కువగా ఫ్యాక్టరీ పని, డిజైన్ గీసేది ఒకరు, ఊదేది కార్మికులు. కుండల కళ నేర్పే హార్వే లిటిల్టన్ 1962లో టొలీడో మ్యూజియం ఆవరణలో చిన్న కొలిమి పెట్టి, ఆర్టిస్టు ఒక్కడే స్టూడియోలో గాజు ఊదగలడని చూపించాలనుకున్నారు. మొదట గాజు సరిగ్గా కరగలేదు. గాజు పరిశ్రమలో పనిచేసే డొమినిక్ లబీనో కొలిమిని మార్పించి, ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గాజు గోళీలు తెచ్చి కరిగించమన్నారు, దాంతో పని నడిచింది. ఒంటరిగా చేయొచ్చని నిరూపించడానికి కూడా ఇద్దరు కావాల్సొచ్చింది, చూశారా.

సరే, గ్యాలరీలో ఏం చేయాలి? బొమ్మ ముందు నిలబడి ఊరుకోకండి, చుట్టూ ఒకసారి తిరగండి, మోకాళ్లు వంచి అంచు వైపు నుంచి చూడండి. లోపల బుడగలు కనిపిస్తే వెంటనే లోపం అనుకోకండి, కొందరు కావాలనే పెడతారు, పోత గాజులో అయితే గాజు ఏ వైపు పారిందో కూడా వాటిని బట్టి పోల్చుకోవచ్చు. ఇక లైటింగ్ గురించి నా గొడవ ఒకటుంది. మందపాటి పోత గాజుని నల్ల దిమ్మ మీద పెట్టి పైనుంచి ఒక్క స్పాట్‌లైట్ వేస్తే దాన్ని చంపేసినట్టే, వెనకనుంచి వెలుగు రావాలి. అలా లేకపోతే, బొమ్మకి వెనక కిటికీ పడేలా మీరే చోటు మార్చుకుని నిలబడండి. కిటికీలున్న గ్యాలరీ అయితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లినా దండగేం కాదు, రెండుసార్లూ ఒకే రంగు కనిపించదు.