కోత పడిన పని ఎవరి చేతికి వస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

నగరపాలక సంస్థ ఖర్చులు తగ్గించుకుందన్న వార్త వినగానే, ఎక్కడో ఒక దుబారాకు అడ్డుకట్ట పడిందని మనలో చాలామంది అనుకుంటాం. పద్దు పుస్తకంలో ఒక అంకె తగ్గుతుంది, అది నిజమే. కాని ఆ అంకె వెనుక ఒక పని ఉంటుంది. మంచం పట్టిన మనిషికి అన్నం తినిపించే పని కావచ్చు, వీధి ఊడ్చే పని కావచ్చు, చీకటి పడిన సందులో దీపం వెలిగించే పని కావచ్చు. డబ్బు ఆపినంత మాత్రాన ఆ పని అవసరం ఆగిపోదు. మరి ఆ పని ఎక్కడికి పోతుంది? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని ఈ రోజు మీకు ఒక నగరం సంగతి వివరంగా చెబుతాను. ఆ నగరం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్.

బర్మింగ్‌హామ్ జనాభా సుమారు 11 లక్షల 40 వేలు. లండన్ తరువాత బ్రిటన్‌లో పెద్ద నగరం అదే. దాని నగర మండలిని ఐరోపాలోకెల్లా పెద్ద స్థానిక సంస్థల్లో ఒకటిగా చెబుతారు. అంతటి సంస్థ 2023 సెప్టెంబర్ 5న, తన ఆదాయంతో తన ఖర్చులు భరించలేనని అధికారికంగా ప్రకటించింది. 1988 నాటి స్థానిక ప్రభుత్వాల ఆర్థిక చట్టంలోని 114వ సెక్షన్ కింద ఇచ్చే ఈ ప్రకటనను అక్కడి పత్రికలు దివాలా అనే రాశాయి. దాని అర్థం ఏమిటంటే, చట్టం తప్పనిసరి చేసిన సేవలు తప్ప కొత్త ఖర్చులన్నీ ఆగిపోతాయి.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు అప్పుడు ఎక్కువగా వినిపించిన జవాబు సమాన వేతన బకాయిలు. ఆడవాళ్ళకు ఇవ్వవలసిన జీతాల బాకీ ఒక మహానగరాన్ని ముంచిందన్న ధోరణిలో వార్తలు సాగాయి. ఈ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఎందుకు బాధిస్తుందో చెప్పాలంటే కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

బ్రిటన్‌లో సమాన వేతన చట్టం 1970లోనే వచ్చింది. అయినా బర్మింగ్‌హామ్ నగర మండలిలో చాలాకాలం రెండు రకాల కొలతలు నడిచాయి. చెత్త ఎత్తేవారు, వీధులు ఊడ్చేవారు, రోడ్లు బాగుచేసేవారు, సమాధులు తవ్వేవారు దాదాపు అందరూ మగవాళ్ళు. బడుల్లో వంట చేసేవారు, కార్యాలయాలు శుభ్రం చేసేవారు, వృద్ధులకూ వికలాంగులకూ సేవ చేసేవారు దాదాపు అందరూ ఆడవాళ్ళు. ఈ రెండు వర్గాల జీతాల శ్రేణీ ఒకటే. అంటే రెండు పనుల విలువా ఒకటేనని యాజమాన్యమే ఒప్పుకున్నట్టు. కాని మగవాళ్ళ జీతానికి బోనస్‌లు తోడయ్యేవి, ఆడవాళ్ళకు అవి లేవు. ఒక సంవత్సరంలో ఒక చెత్త కార్మికుడు 51 వేల పౌండ్లు ఇంటికి తీసుకువెళ్ళగా, అదే శ్రేణిలోని ఆడవాళ్ళకు 12 వేల పౌండ్లు కూడా రాలేదని ఉపాధి ట్రిబ్యునల్ విచారణలో బయటపడింది. 2010లో ట్రిబ్యునల్ నాలుగు వేలకు పైగా స్త్రీల పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటికే ఉద్యోగం మానేసి ఆరు నెలలు దాటిన 174 మంది వేరే దావా వేశారు. గడువు మీరిపోయింది కాబట్టి మీకు హక్కు లేదని నగర మండలి సుప్రీంకోర్టు దాకా వాదించింది. 2012 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు, ట్రిబ్యునల్‌లో గడువు ముగిసినా సాధారణ కోర్టులో ఆరేళ్ళ వరకు అడగవచ్చునని చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆ వైపు నిలిచారు.

ఆ తరువాత నగర మండలి దాదాపు 110 కోట్ల పౌండ్లు చెల్లించింది. అంతటితో అయిపోలేదు. జీతాల పద్ధతిని పూర్తిగా సరిదిద్దకపోవడంతో కొత్త దావాలు పుట్టుకొచ్చాయి. 2023లో మరో 65 కోట్ల నుంచి 76 కోట్ల పౌండ్ల భారం ఉండవచ్చునని సంస్థే అంచనా వేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. దీనికి తోడు సుమారు కోటీ 90 లక్షల పౌండ్లతో పూర్తవుతుందనుకున్న ఒక కంప్యూటర్ వ్యవస్థ పది కోట్లు దాటినా సరిగా పనిచేయలేదు. 2010 తరువాత కేంద్ర ప్రభుత్వం పొదుపు పేరుతో తగ్గించిన నిధులు మొత్తం వంద కోట్ల పౌండ్ల దాకా ఉంటాయని నగర మండలి చెబుతూ వచ్చింది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఒక వంటమనిషికి ఏటేటా కొంత జీతం తక్కువ ఇస్తూ వచ్చారు. ఆ మిగులుతోనే నగరం నడిచింది. అంటే ఆమె తనకు తెలియకుండానే, వడ్డీ లేకుండా, పత్రం లేకుండా నగరానికి అప్పు ఇచ్చింది. తన అప్పు తాను అడిగితే, ఆమె వల్లే నగరం మునిగిందన్నారు. ఇది న్యాయమైన మాట కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక కోతల సంగతి. 2024 మార్చిలో ఆమోదించిన బడ్జెట్‌లో రెండేళ్ళలో సుమారు 30 కోట్ల పౌండ్లు ఆదా చేయాలని నిర్ణయించారు. ఆరు వందల దాకా ఉద్యోగాలు పోవచ్చునన్నారు. ఇంగ్లండు స్థానిక సంస్థల ఉద్యోగుల్లో నలుగురిలో ముగ్గురు స్త్రీలే కాబట్టి, ఆ ఉద్యోగాల కోత ముందుగా ఎవరి ఇంటి తలుపు తడుతుందో వేరే చెప్పనక్కరలేదు. లైబ్రరీల పని గంటలకు కోత, కళా సంస్థల నిధులకు కోత, వీధి దీపాల వెలుతురుకు కోత, చెత్త బండి వారానికి ఒకసారి కాక రెండు వారాలకు ఒకసారి రావాలన్న ప్రణాళిక, ఇలా జాబితా పెద్దదే. అందులో ఒక్కదాని గురించే నేను కొంచెం నిలబడి మాట్లాడతాను. అది పగటి సంరక్షణ కేంద్రాల సంగతి.

బుద్ధి వికాసంలో లోపం ఉన్నవారు, శరీరం సహకరించనివారు పగటిపూట గడిపే కేంద్రాలు ఇవి. నగర మండలి నడిపే తొమ్మిది కేంద్రాల్లో నాలుగింటిని మూసివేయాలని నిర్ణయించారు. మిగిలిన కేంద్రాల్లో ఖాళీ ఉందనీ, ప్రతి ఒక్కరి అవసరాన్నీ విడిగా పరిశీలించి వేరే ఏర్పాటు చేస్తామనీ యాజమాన్యం చెప్పింది. ఆ మాట వాళ్ళ పక్షాన చెప్పవలసిందే. కాని ఇలాంటి ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. డెబ్బయ్యేళ్ళ తల్లి, నలభయ్యేళ్ళ కూతురు. కూతురికి వేళకు మందులు వేయాలి, అన్నం కలిపి పెట్టాలి, స్నానానికి తీసుకువెళ్ళాలి, ఒంటరిగా వదలడానికి వీల్లేదు. కేంద్రం ఉన్నప్పుడు కూతురు ఉదయం వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వస్తుంది. ఆ నాలుగైదు గంటల్లో తల్లి డాక్టరు దగ్గరికి వెళుతుంది, సరుకులు తెచ్చుకుంటుంది, లేదా ఏమీ చేయకుండా కాసేపు నడుం వాలుస్తుంది. కేంద్రం మూతపడి, కొత్త చోటు దూరమై, కొత్త మనుషులను చూసి కూతురు బెదిరిపోతే, ఆ నాలుగైదు గంటలూ మళ్ళీ తల్లి మీదే పడతాయి. ఉద్యోగం చేసే తల్లి అయితే ఉద్యోగమే మానుకోవలసి వస్తుంది. మరి ఆ పని ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. జీతం ఉన్న ఒక మనిషి చేతిలోంచి, జీతం లేని మరో మనిషి చేతిలోకి వచ్చింది. ఆ మొదటి మనిషీ స్త్రీయే, ఈ రెండో మనిషీ ఎక్కువ ఇళ్ళలో స్త్రీయే.

కోత ఎప్పుడూ ఇలాంటి చోటనే ఎందుకు పడుతుంది? కారణం లెక్కల్లోనే ఉంది. ప్రమాదంలో ఉన్న పిల్లల రక్షణ, పెద్దల సంరక్షణ చట్టం ప్రకారం తప్పనిసరి. వాటిని ఎంతోకొంత నడపాలి. పగటి కేంద్రం, లైబ్రరీ, యువజన కేంద్రం వంటివి ఏ రూపంలో, ఎంత మేరకు ఉండాలో చట్టం అంత గట్టిగా చెప్పదు. అందుకని గొడ్డలి వేటు వాటి మీదే ముందు పడుతుంది. ఇల్లు వెచ్చగా ఉంచుకోలేని పేదలకు చలికాలంలో లైబ్రరీయే వెచ్చని గది. ఇంట్లో కంప్యూటర్ లేనివారు సంక్షేమ దరఖాస్తులు నింపుకునేది అక్కడే. కలవారికి లైబ్రరీ మూత ఒక విచారం, పేదవారికి అది రోజు గడవడంలో వచ్చే చిక్కు.

పన్ను సంగతి కూడా చెప్పాలి. సేవలు తగ్గించిన ఏడాదే ఇంటి పన్ను దాదాపు పది శాతం పెంచారు, మరుసటి ఏడాది మరో ఏడున్నర శాతం పెంచారు. ఇంగ్లండులో ఆ పన్ను 1991 నాటి ఇళ్ళ విలువల మీద కట్టిన తరగతుల ప్రకారం వేస్తారు. పెద్ద భవంతికీ చిన్న ఇంటికీ విలువలో ఉన్నంత తేడా పన్నులో ఉండదు. కాబట్టి చిన్న ఇంటివాళ్ళ మీదే దామాషాలో భారం ఎక్కువ.

2025లో చెత్త కార్మికులు సమ్మెకు దిగారు. మార్చి 11 నుంచి అది పూర్తి సమ్మెగా మారింది. వీధుల్లో 17 వేల టన్నుల చెత్త పేరుకుపోయిందని నగర మండలే చెప్పి, మార్చి చివరి రోజున అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. చెత్త బండి వెంట ఉండే ఒక తరగతి ఉద్యోగాలను రద్దు చేయడం ఆ వివాదానికి మూలం. సమాన వేతనం విషయంలో మళ్ళీ దావాలు రాకుండా ఉండాలంటే ఆ రద్దు తప్పదన్నది యాజమాన్యం వాదన. స్త్రీలు సాధించుకున్న హక్కును చూపించి పురుషుల జీతం తగ్గించబోతే, ఇద్దరు పేద కార్మికులు ఒకరినొకరు శత్రువులుగా చూసుకునే స్థితి వస్తుంది. వంటమనిషి కోరింది తన జీతం పెరగాలని, పక్క కార్మికుడి జీతం తగ్గాలని కాదు.

ఆ రోజుల్లో కారు ఉన్నవాళ్ళు చెత్త సంచులు డిక్కీలో వేసుకుని నగర శివార్లలోని కేంద్రాలకు తీసుకువెళ్ళారు. కారు లేనివాళ్ళు, ఇరుకు ఇళ్ళలో కాపురం ఉన్నవాళ్ళు గుమ్మం ముందే ఎలుకల మధ్య ఉంచుకున్నారు. పసిపిల్లల డైపర్లు ఇంట్లో దాచుకోలేరు, బయట పెట్టలేరు. అక్కడ కూడా ఆ పని ఇంటి ఆడవాళ్ళ చేతికే వచ్చింది.

ఇదంతా పరాయి దేశం సంగతి కదా అని మీకు అనిపించవచ్చు. మన దేశంలో ఇంకా ముందటి మెట్టులోనే చిక్కు ఉంది. దేశంలోని నగరపాలక సంస్థలన్నిటి ఆదాయ వ్యయాలు స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు ఒక్క శాతం దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయాయని రిజర్వు బ్యాంకు 2022 నవంబర్‌లో వెలువరించిన నివేదిక చెప్పింది. అంటే కోయడానికి ముందే మన చేతిలో ఉన్నది కొంచెం. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తే, ఆ పనులు చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. కొళాయి నీళ్ళు ఒక పూట తగ్గితే పెరిగే నిమిషాలు ఈ 289కే కలుస్తాయి.

బ్రిటన్‌లో ఒక మంచి నియమం ఉంది. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, ఏ ప్రభుత్వ సంస్థ అయినా ఒక నిర్ణయం తీసుకునేటప్పుడు అది స్త్రీల మీద, వికలాంగుల మీద, ఇతర బలహీన వర్గాల మీద ఏ ప్రభావం చూపుతుందో పట్టించుకుని తీరాలి. బర్మింగ్‌హామ్‌లోనూ అలాంటి అంచనాలు రాశారు, అయినా కోతలు ఆగలేదు. కాని రాసిన కాగితం ఉండటం వల్ల ప్రజలకు ప్రశ్నించే పట్టు దొరికింది. మన దగ్గర కేంద్ర బడ్జెట్‌తో పాటు స్త్రీల కేటాయింపుల పత్రం 2005–06 నుంచి వస్తోంది. పురపాలక స్థాయిలో ఆ అలవాటు ఇంకా పాదుకోలేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించారు. కాబట్టి మీ వార్డు సభ్యురాలిని అడగదగిన ఒక్క పని చెప్పి ముగిస్తాను. మన పట్టణాల్లో కోతను ఎవరూ చాటింపు వేసి ప్రకటించరు. బడ్జెట్‌లో ఒక పనికి ఘనంగా డబ్బు రాస్తారు, ఏడాది చివరికి అందులో ఖర్చయ్యేది కొంతే. ఆ ఖర్చు కాని భాగమే అసలు కోత. అందుచేత కొత్త బడ్జెట్ సమావేశానికి ముందు నాలుగు పద్దులకు మాత్రమే, అంటే మంచినీటి సరఫరా నిర్వహణ, పబ్లిక్ మరుగుదొడ్ల నిర్వహణ, వీధి దీపాలు, మురికివాడల పారిశుద్ధ్యం, వీటికి మాత్రమే, గత ఏడాది బడ్జెట్‌లో రాసిన అంకెనూ నిజంగా ఖర్చయిన అంకెనూ పక్కపక్కన రాసి ఇమ్మని కోరండి. ఆమె ఇవ్వలేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీరే దరఖాస్తు పెట్టవచ్చు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ రుజువు జతచేస్తే ఆ రుసుము కూడా కట్టనక్కరలేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో చూసి, ఆ తేడా ఏ వీధిలో ఆగిందో అడగండి.

నమస్కారం.