వెనక సీటు కథ: మిగ్-29కేయూబీ

నమస్తే అండీ! డిసెంబరు 4 వస్తే ఆర్కే బీచ్‌లో మనందరికీ మెడ నొప్పే. నేవీ డే కదా, చూపంతా ఆకాశం మీదే. 2022లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మన విశాఖ వచ్చినప్పుడు నౌకాదళం యుద్ధ విమానాలు మిగ్-29కేలు ఎగరడం గుర్తుందా? ఫోన్ పైకెత్తేలోపు విమానం దాటిపోయింది, చప్పుడే మిగిలింది. ఇవాళ దాని తోబుట్టువు, రెండు సీట్ల కేయూబీ సంగతి.

రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఒంటి సీటుది, ఏది రెండు సీట్లది? చెప్పడం కష్టం. రెండింటికీ ఒకటే పొడుగాటి అద్దాల మూత. ఒంటి సీటు దాంట్లో వెనక మనిషి కూర్చునే చోట ఇంధనం ట్యాంకు పెట్టేశారు. ఇన్‌స్ట్రక్టర్‌ని దింపి ఆయిల్ ఎక్కించారన్నమాట! ఇదేమీ ఉత్త శిక్షణ విమానం కాదు. వైమానిక దళంలోని పాత మిగ్-29యూబీకి రాడార్ లేదు, కేయూబీకి ఉంది. యుద్ధానికీ పనికొస్తుంది.

అసలు వెనక సీటు ఎందుకంటారా? ఓడ మీద, అంటే విమానాలను మోసే యుద్ధనౌక మీద దిగడానికి. తోక కింద కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను పట్టుకోవాలి. చక్రాలు తగలగానే పైలట్ ఇంజిన్లకు ఫుల్ పవర్ ఇస్తాడు. ఆగడానికి వచ్చి పవర్ పెంచడమేంటి అంటారేమో. కొక్కెం తప్పితే మళ్లీ గాల్లోకి లేవాలి కదా! అప్పుడు వెనక ఒక అనుభవజ్ఞుడు ఉంటే ఆ ధైర్యమే వేరు.

2004లో 16 విమానాలకు ఆర్డర్ ఇచ్చాం. అందులో 4 కేయూబీలు. మొదటివి 2010 ఫిబ్రవరిలో గోవాలో బ్లాక్ పాంథర్స్ స్క్వాడ్రన్‌లో చేరాయి. వాటి ఓడ విక్రమాదిత్య నౌకాదళంలో చేరిందేమో 2013 నవంబరులో! ఆలూ లేదు, చూలూ లేదు సామెత గుర్తొస్తుంది నాకు.

దెబ్బలూ తగిలాయి. 2019 నవంబరులో గోవా దగ్గర పక్షులు తగిలి ఒకటి కూలింది, ఇద్దరూ దూకి బతికారు. 2020 నవంబరులో అరేబియా సముద్రంలో ఇంకోటి పడింది. ఒక పైలట్‌ని కాపాడారు. కమాండర్ నిశాంత్ సింగ్ కోసం పదకొండు రోజులు వెతికితే చివరికి ఆయన భౌతికకాయం దొరికింది.

ఇప్పుడు నౌకాదళానికి ఫ్రెంచ్ యుద్ధ విమానం రఫేల్ వస్తోంది. 2025 ఏప్రిల్ ఒప్పందంలో 26 విమానాలు, వాటిలో 4 రెండు సీట్లవి. కానీ ఆ నాలుగూ ఓడ మీద దిగలేవు. అంటే రఫేల్ పైలట్ మొదటిసారి డెక్ మీద దిగేటప్పుడు వెనక ఎవరూ ఉండరు. ఫ్రెంచ్ నేవీ అలాగే నడుపుతోంది లెండి. నాకు మాత్రం తలుచుకుంటేనే టెన్షన్.

ఈసారి బీచ్‌లో మిగ్ కనిపిస్తే జూమ్ చేయండి. వెనక రెండో హెల్మెట్ కనబడిందా, అది కేయూబీ.