నాణేన్ని పక్కకు తిప్పి చూడండి

అందరికీ నమస్కారం.

నాణేలు సేకరించేవాళ్ళు నాకు ఫోటోలు పంపుతుంటారు. బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి. "సార్, అంచు మీద ఏదో గాటు ఉంది, ఎర్రర్ కాయినేనా?" అని అడుగుతారు. అంటే తయారీలోనే పొరపాటు జరిగిన నాణెమా అని. గాటు ఉన్నది అంచున, ఫోటోల్లో లేనిది ఆ అంచే! అందుకే ఈ రోజు బొమ్మాబొరుసుల్ని పక్కన పెడదాం.

చేను చుట్టూ ఉన్నట్టే నాణెం ముఖం చుట్టూ కాస్త లేచిన గట్టు ఉంటుంది. మందం వైపు, గోటికి గరగరలాడేది అంచు. ఈ రెండిటి మీదా కనిపించే ప్రతి గుర్తుకీ నేను వేసే ప్రశ్న ఒక్కటే: ఇది మింట్‌లో, అంటే నాణేలు తయారుచేసే టంకశాలలో పడిందా, బయటికొచ్చాక పడిందా? అది తేలాలంటే అంచు ఎలా తయారవుతుందో తెలియాలి.

లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కొడతారు. వాటిని పక్కల నుంచి నొక్కుతూ దొర్లిస్తే గట్టు లేస్తుంది. తర్వాత పైనా కిందా అచ్చులు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కడియం. దెబ్బ పడగానే లోహం పక్కలకు పరుచుకుని కాలర్ లోపలి గాళ్ళలోకి దూరుతుంది. అంచు మీది నిలువు గీతలు అలా పుట్టినవే. ఆ కాలర్ సరిగ్గా లేవకపోతే? నాణెం మామూలు కంటే వెడల్పవుతుంది, గీతలుండవు. సగమే లేస్తే అంచు సగం గీతలతో, సగం నున్నగా, మధ్యలో చిన్న మెట్టుతో వస్తుంది. ఆ మెట్టును ఇంట్లో సుత్తితో తేవడం అంత తేలిక కాదు.

తేలిగ్గా తెచ్చేది ఇంకోటుంది. అంచున నెలవంక ఆకారంలో ముక్క పోయిన అయిదు రూపాయల బిళ్ళ. మింట్‌లో రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే, పక్క బిళ్ళ కొట్టిన రంధ్రం మీదే మళ్ళీ దెబ్బ పడి ఇలాంటివి వస్తాయి. ఆకురాయి ఉంటే ఎవరైనా చేసి మీకు అమ్మొచ్చు కూడా. తేడా ఎక్కడ చూడాలంటే, గాటు దగ్గర కాదు, దానికి సరిగ్గా ఎదురు వైపు. బిళ్ళను దొర్లించేటప్పుడు ముక్క పోయిన చోట ఒత్తిడి పడదు. అందువల్ల ఎదురు వైపు గట్టు కూడా సరిగ్గా లేవదు. అక్కడ పల్చగా, చెరిగిపోయినట్టు ఉంటే అసలైనదే అనడానికి బలమైన ఆధారం. ఎదురు వైపు గట్టు నిండుగా ఉండి, గాటు లోపల సన్నటి సమాంతర గీతలు తళతళలాడుతుంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. యూట్యూబ్‌లో వాళ్ళు లక్షలని చెప్పినా సరే.

ఇక మన ఊళ్ళో ఎక్కువగా దొరికే వెండి రూపాయలు. వీటి అంచు మీద, సాధారణంగా తల పైభాగాన, ఒక చోట గీతలు పూడిపోయి నున్నగా ఉంటుంది. అక్కడ వెండి రంగు కూడా కాస్త వేరు. కొక్కెం అతికించి మెడలో వేసుకుని, తర్వాత తీసేసిన టంకం మచ్చ అది. లంబాడీ ఆడవాళ్ళ నగల్లో రూపాయలు ఎలా కూర్చేవారో చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అలాంటి నాణెం నాకు ఇష్టమే, ఎవరో వేసుకుని తిరిగింది కదా. కానీ దాన్ని మింట్ పొరపాటని అమ్మితే మాత్రం ఒప్పుకోను.

తూకం దగ్గర ఇంకో చిక్కు. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి సుమారు 11.18 గ్రాములే. అర గ్రాము తగ్గిందని, ఎవరో అంచు గీకేశారని టెన్షన్ పడకండి. హాలీ సిక్కా, అంటే ఆ నిజాం రూపాయి, తూకమే అంత. నిజంగా గీకితే గీతల లోతు ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉంటుంది. వెండి గీకి దొంగిలించడం బయటపడాలనే యూరప్‌లో అంచుకు గీతలు పెట్టడం మొదలైంది.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయి. అంచు మధ్యలో చుట్టూరా ఒక గాడి కనిపిస్తుంది. రెండు సగాలు అతికించిన దొంగ రూపాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు వెండి పాళ్ళు సగానికి దించారు, దొంగ నాణేలు పెరగకుండా ఆ గాడి పెట్టారు. సెక్యూరిటీ ఎడ్జ్ అంటారు. అచ్చులో పోసిన నకిలీకి వచ్చే అతుకు వేరు. అది లోపలికి దిగిన గాడి కాదు, పైకి పొడుచుకొచ్చిన సన్నని గీత. దాన్ని ఆకురాయితో అరగదీస్తే చుట్టుపక్కల నిలువు గీతలూ పోతాయి. అసలుదానిలో గాడి ఒకే వెడల్పుతో చుట్టూ తిరుగుతుంది, దానికి పైనా కిందా నిలువు గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి.

చూడటానికి పదింతలు పెద్దగా చూపే భూతద్దం చాలు. దీపం పక్క నుంచి పడాలి, పై నుంచి పడితే గీతలన్నీ మాయమవుతాయి. నాణేన్ని రెండు వేళ్ళ మధ్య అంచులతో పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిప్పండి. అచ్చులు, యంత్రాలు కళ్ళారా చూడాలంటే హైదరాబాద్‌లోని సైఫాబాద్ పాత మింట్‌లో మ్యూజియం ఉంది. 1903లో మొదలైన టంకశాల అది. 1997లో పని చెర్లపల్లికి మారింది.

ఇప్పుడు మీరు తెచ్చిన నాణేలు ఒక్కొక్కటిగా టేబుల్ మీదికి తీసుకురండి, 1940ల రూపాయలున్నవాళ్ళు ముందు రండి. చింతపండుతో తోమి తెచ్చినవాళ్ళుంటే అది కూడా చెప్పండి. అంచు మీది మురికి కొన్నిసార్లు గీతకంటే ఎక్కువ చెబుతుంది, ఆ సంగతి చూశాక మాట్లాడుకుందాం.