జావా పల్లెలో ఇల్లు, పొలం, ఇరుగుపొరుగు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇండోనేషియాలోని జావా దీవిలో, యోగ్యకర్త, సోలో నగరాల మధ్య క్లాతెన్ అనే జిల్లా ఉంది. వరి పొలాలకు, ఊటబుగ్గలకు పేరున్న ఆ జిల్లాలోని ఒక చిన్న పల్లెకు కోడలిగా వెళ్లి స్థిరపడిన తెలుగావిడ ఈ రోజు మనతో మాట్లాడుతున్నారు. ఆవిడ కోరిక మేరకు పేరు గానీ, ఊరి పేరు గానీ చెప్పడం లేదు. అమ్మా, నమస్కారం. ఇంకా భారత పౌరురాలిగానే ఉన్న మీరు అక్కడ సెంటు భూమి కొనగలరా?

అతిథి: నమస్కారమండీ. కొనలేను. ఆ నిబంధన న్యాయమైనదేనని కూడా నేను నమ్ముతాను. 1960 నాటి భూమి చట్టం ప్రకారం ‘హక్ మిలిక్’ అనే పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే దక్కుతుంది. అక్కడ నివాసముండే విదేశీయులు ‘హక్ పకాయ్’ అనే వినియోగ హక్కు పొందవచ్చు, లేదా లీజుకు తీసుకోవచ్చు. వినియోగ హక్కు మొదట 30 ఏళ్లకు ఇస్తారు, తరువాత 20 ఏళ్లు పొడిగిస్తారు, ఆపైన మరో 30 ఏళ్లకు కొత్తగా ఇవ్వవచ్చు. ఇంత కట్టడి ఎందుకో మా ప్రాంతపు చరిత్ర చూస్తే అర్థమవుతుంది. డచ్చివారి కాలంలో సోలో సంస్థానపు ప్రభువుల నుంచి కంపెనీలు భూములు లీజుకు తీసుకుంటే, వాటిని దున్నే రైతులు తమ మడులను వంతులవారీగా చెరకుకు వదులుకోవలసి వచ్చేది. తాతల నాటి ఆ సంగతి ఊరివాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

వ్యాఖ్యాత: స్థానికుల పేరు మీద కొని, వెనుక నుంచి అనుభవించేవారు ఉన్నారని వింటాం.

అతిథి: ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే అది బినామీ వ్యవహారమే. అటువంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు, పైగా భూమి ప్రభుత్వపరమయ్యే ప్రమాదం ఉంది. పేరు అరువిచ్చిన మనిషి చనిపోతే అతని వారసులకు ఆ రహస్య ఒప్పందంతో సంబంధం ఉండదు. డబ్బు పెట్టినవాడి సంగతి అలా ఉంచండి, ఊరిలో రెండు కుటుంబాల మధ్య తరాల తరబడి పగ మిగులుతుంది. నాకు బాధ కలిగించేది అదే.

వ్యాఖ్యాత: మరి భార్యాభర్తల్లో ఒకరు విదేశీయులైతే?

అతిథి: ఇది మన వాళ్లు తప్పక తెలుసుకోవలసిన విషయం. అక్కడి వివాహ చట్టం 1974 నాటిది. దాని ప్రకారం పెళ్లి తరువాత సంపాదించిన ఆస్తి దంపతుల ఉమ్మడి ఆస్తి, వారసత్వంగా వచ్చినది మాత్రం ఎవరిది వారిదే. ఉమ్మడి అనగానే అందులో విదేశీయురాలి వాటా కూడా ఉన్నట్టు లెక్క కనుక, ఆస్తులు వేరని ముందుగా ఒప్పందం రాసుకోకపోతే ఇండోనేషియా పౌరుడైన భర్త కూడా హక్ మిలిక్ భూమి కొనడానికి చిక్కులు వచ్చేవి. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఒప్పందాన్ని పెళ్లి తరువాత కూడా రాసుకోవచ్చని తీర్పు చెప్పింది, మేము అలాగే రాసుకున్నాం. అయినా రేపు మా వారికేమైనా అయితే, ఆయన నుంచి నాకు వచ్చే భూమిని నేను ఒక్క ఏడాదిలోపు అర్హులైన వారికి బదలాయించాలి. ఇది వినడానికి కష్టంగా ఉన్నా, పెళ్లికి ముందే తెలుసుకోవడం ఎంతో మేలు.

వ్యాఖ్యాత: ఊరిలో భూమి పత్రాలు ఎలా ఉంటాయి?

అతిథి: పాత పొలాలకు చాలా కాలం పట్టాలే ఉండేవి కావు. పంచాయతీ కార్యాలయంలో ‘లెటర్ సి’ అనే పెద్ద దస్తరం ఉంటుంది. చారిక్ అని పిలిచే గ్రామ కార్యదర్శి దాన్ని భద్రపరుస్తారు. మా మామగారి పొలం కోసం వెళ్లినప్పుడు ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకొచ్చి బల్ల మీద పరిచారు. అంచులు అరిగిన ఆ కాగితాల మీద మా వారి ముత్తాత పేరు, పొలం తరగతి, విస్తీర్ణం, ఎవరి నుంచి ఎవరికి మారిందో చెప్పే వరుసలు చేతిరాతలో ఉన్నాయి, కొట్టివేతలు కూడా ఉన్నాయి. అది పన్ను లెక్కే గాని యాజమాన్య పత్రం కాదు. అందుకే కొన్నేళ్లుగా ప్రభుత్వం ఊళ్లకు ఊళ్లనే కొలిచి సర్టిఫికెట్లు ఇస్తోంది. పాత పత్రాలున్నవారు ఐదేళ్లలోపు నమోదు చేయించుకోవాలని 2021లో నిబంధన పెట్టింది. కొలతల నాడు నాలుగు హద్దుల రైతులూ గట్ల మీద నిలబడి ఒప్పుకుని సంతకం చేయాలి. పొరుగువారితో మాటలు లేని మనిషికి ఆ రోజు ఎంత ఇబ్బందో ఊహించండి.

వ్యాఖ్యాత: పొరుగుతనం అంత ముఖ్యమా?

అతిథి: అన్నిటికన్నా ముఖ్యమండీ. కొన్ని పదుల ఇళ్లు కలిసి ‘ఎర్‌టే’ అనే చిన్న విభాగంగా ఉంటాయి. ఈ పద్ధతికి మూలం జపాన్ వారి ఆక్రమణ కాలంలో ఉంది. రాత్రిళ్లు మగవాళ్లు వంతులవారీగా గస్తీ తిరుగుతారు. ప్రతి ఇంటి ముందు మేకుకు ఒక చిన్న డబ్బా వేలాడుతూ ఉంటుంది, పూర్వం అందులో చిటికెడు బియ్యం వేసేవారు, ఇప్పుడు చిల్లర నాణెం వేస్తున్నారు. గస్తీ తిరిగేవాళ్లు ఇంటింటా దాన్ని పోగుచేసి లెక్క రాస్తారు. ఆ ‘జింపితాన్’ సొమ్ముతోనే వీధిదీపం మారుతుంది, జబ్బుపడ్డవారికి సాయం అందుతుంది. ఏ ఇంటి డబ్బాలోనైనా నాణెం లేకపోతే, ముందుగా ఆ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కనుక్కుంటారు.

పెళ్లిళ్లకు, చావులకు ఆడవాళ్లందరం ఆ ఇంటి వంటకు వెళ్తాం. దాన్ని ‘రెవాంగ్’ అంటారు. నాకు జావా భాష సరిగా రాని రోజుల్లో నన్ను కొబ్బరి తురమడానికి కూర్చోబెట్టారు. పెద్దలతో మాట్లాడే మర్యాద భాష, తోటివారితో మాట్లాడే మామూలు భాష అక్కడ దాదాపు రెండు వేరు భాషలు. ఏ మాట ఎవరితో అనాలో నేను ఆ వంటింటి పీట మీదే నేర్చుకున్నాను. మనిషి పోయిన తరువాత మూడవ, ఏడవ, నలభయ్యవ, నూరవ రోజుల్లో, ఏడాదికి, రెండేళ్లకు, చివరికి వెయ్యవ రోజున ఇరుగుపొరుగును పిలిచి ప్రార్థన చేసి భోజనం పంచుతారు. అంటే ఒక్క మరణంతో మొదలైన రాకపోకలు సుమారు మూడేళ్లు సాగుతాయి.

వ్యాఖ్యాత: ఊరి ఉమ్మడి ఆస్తి మాటేమిటి?

అతిథి: గ్రామ పెద్దకు, చారిక్‌కు జీతానికి బదులుగా సాగు చేసుకోవడానికి ఇచ్చే ‘బెంగ్కోక్’ భూములు మా ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. పదవి పోగానే ఆ భూమి ఊరికి తిరిగి వస్తుంది. మా జిల్లాలోనే పొంగోక్ అనే గ్రామం 2009లో ఊరి సొంత వ్యాపార సంస్థను ఏర్పాటు చేసి, తన ఊటబుగ్గను ఈతకు, నీటి అడుగున ఫోటోలకు తెరిచి బాగా సంపాదిస్తోంది. ఆ నీళ్లు ఒక హోటల్ చేతికి పోకుండా ఊరి చేతిలోనే ఉన్నందుకు నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

వ్యాఖ్యాత: మన వాళ్లు చూడాలంటే ఎలా రావాలి?

అతిథి: యోగ్యకర్త నుంచి సోలో వైపు లోకల్ రైలు ఉంది. 2021లో కరెంటు రైళ్లు నడపడం మొదలుపెట్టారు, టికెట్ 8,000 రూపియాలు. క్లాతెన్‌లోనో, దెలంగులోనో దిగితే అక్కడి నుంచి పల్లెకు మోటార్‌సైకిలే గతి. ప్రంబనన్ గుడులు చూసినవారు ఇంకొంచెం ముందుకు వస్తే, మా జిల్లాలోనే ప్లావోసాన్ బౌద్ధాలయాలు వరి పొలాల పక్కనే ఉన్నాయి. ఎవరింట్లోనైనా రాత్రి ఉండదలిస్తే 24 గంటల్లోపు ఎర్‌టే పెద్దకు చెప్పాలి, వీధి మొదట్లో బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది. రంజాన్ పండుగ రోజుల్లో మాత్రం రావద్దంటాను. నగరాల్లో పనిచేసే వాళ్లంతా సొంతూళ్లకు తరలివస్తారు కనుక రైలు టికెట్ దొరకదు.

వ్యాఖ్యాత: మీ మామగారి పొలం ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారు?

అతిథి: పొలం అర ఎకరానికి కాస్త ఎక్కువ, వారసులు నలుగురు. విడగొడితే ఎవరి ముక్కా ఒక కుటుంబాన్ని పోషించదు. జావా అంతటా ఉన్న కష్టం ఇదే, ఇలా చీలిన మడుల్లోనే ఇళ్లు లేస్తున్నాయి. ప్రస్తుతానికి పెద్ద బావగారు సగపాలుకు చేస్తున్నారు. ఒక్కోసారి కోత కూలీలు దొరక్క పంటను నిలువునా వ్యాపారికి అమ్మేస్తున్నారు. చిన్న మరిది జకార్తా పక్కనున్న బెకాసిలో ఫ్యాక్టరీ పని చేస్తూ అక్కడ ఇల్లు కొనుక్కోవాలని తన వాటా అమ్మమంటున్నాడు. బయటివారికి పోకుండా అన్నదమ్ములే కొనాలని మా అత్తగారి పట్టుదల. మా పొదుపంతా కూడగట్టినా అంత సొమ్ము ఇంకా సమకూరలేదు. వచ్చే పండుగకు నలుగురూ ఊరికి వచ్చినప్పుడు కూర్చుని తేల్చుకోవాలని అనుకున్నాం.