అటక మీద హార్మోనియం

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాన్నగారు తెనాలిలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. పద్యనాటకాలంటే ఆయనకు ప్రాణం. చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకం ఉందన్నా సైకిలేసుకుని వెళ్ళి, తెల్లారగట్ల ఇంటికొచ్చి, మొహం కడుక్కుని మళ్ళీ మిల్లుకి పోయేవారు. 1979లో ఒక నాటక సమాజం మూతపడితే, వాళ్ళ దగ్గర పాత హార్మోనియం ఒకటి కొన్నారు. నేర్చుకుందామనే కొన్నారు. అప్పుడు నాకు ఏడేళ్ళు. మూత తీయగానే వచ్చిన కర్పూరం వాసన, పసుపెక్కిన ఆ తెల్ల మెట్లు నాకింకా గుర్తే.

వారం రోజులు ముందు గదిలో ఉంది. తర్వాత మా చిన్నత్తకి పెళ్ళిచూపులు. వచ్చినవాళ్ళకి చాపలు పరవాలి, చోటు చాలదు. పెట్టెని అటకెక్కించారు. చెల్లెలి పెళ్ళయ్యాక నేర్చుకుంటానన్నారు నాన్నగారు. పెళ్ళయింది, నా చదువొచ్చింది. చదువయింది, ఇంటి అప్పు మిగిలింది. "ఈ ఉద్యోగం మానెయ్యనివ్వండి, పొద్దున్నా సాయంత్రం దాని ముందే కూర్చుంటా" అనేవారు.

2004లో మానేశారు. ఎనిమిది నెలలకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది.

హార్మోనియం వాయించాలంటే ఎడమ చేత్తో వెనకున్న తిత్తి ఆడించాలి, కుడిచేత్తో మెట్లు నొక్కాలి. గాలి లేకపోతే ఎన్ని మెట్లు నొక్కినా పలకదు. అయినా ఒకరోజు ఆయన అటక వైపు చెయ్యి చూపించి దింపమన్నారు. దింపితే, తిత్తిని ఎలకలు కొట్టేశాయి. అమ్మ మైదా జిగురుతో గుడ్డపేలికలు అంటించింది. ఆయన పక్కనే పీట వేసుకుని తను తిత్తి ఆడిస్తుంటే ఆయన ఒక్కో మెట్టూ వెతుక్కుని నొక్కేవారు. సంగీతం మాష్టారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. రెండేళ్ళలో సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసలు దాటి జంట వరసల దాకా వచ్చారు. పద్యం మాత్రం నోట పలకలేదు. 2007లో వెళ్ళిపోయారు.

ఆయన ఆలస్యం చేశారని నేననను. మేం చేయించాం. పాతికేళ్ళు ఆ అటక కిందే కూర్చుని అన్నాలు తిన్నాం. "నాన్నా, ఆ పెట్టె దింపమంటారా" అని ఒక్కరోజైనా అడిగామా? బాధ్యతలు తీరాక చూద్దాం అనే మాట మన ఇళ్ళల్లో ఎంతో గౌరవంగా వినిపిస్తుంది. అందుకే దాన్నెవరూ కాదనరు. బాధ్యత ఒకటి తీరేలోపు ఇంకోటి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. చేతులూ కళ్ళూ మోకాళ్ళూ మాత్రం మన కోసం ఆగవు.

వయసు అడ్డం కాదని మీకు ఉత్తి ధైర్యం చెప్పడానికి రాలేదు నేను. అడ్డమే. అయినా ఆ అడ్డాన్ని దాటుకుని ఎంత దూరం పోగలరో కేరళలో ఒకావిడ చూపించారు. అలప్పుళ జిల్లా కార్త్యాయని అమ్మ. బడి గడప తొక్కని మనిషి. గుళ్ళు ఊడ్చి, ఇళ్ళల్లో పనిచేసి పిల్లల్ని పెంచారు. 2018లో, 96 ఏళ్ళ వయసులో, ఆ రాష్ట్ర అక్షరాస్యతా పరీక్ష రాస్తే నూటికి 98 మార్కులొచ్చాయి. ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకోవాలని ఉందన్నారు. 2020లో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకున్నారు. 2023లో పోయారు.

అంటే ఆ పరీక్ష తర్వాత ఆమెకి దక్కింది ఐదేళ్ళు. ఐదేళ్ళ కోసమా అంత కష్టం అనేవాళ్ళుంటారు. మా నాన్నగారికి దక్కింది రెండే. ఆ రెండేళ్ళూ, సాయంత్రం పెట్టె ముందు కూర్చున్నప్పుడు, ఆయన మొహం నేను చూశాను.

మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళు చాలామంది ఈ మాటలు వింటూ ఉంటారు. దారి మన దగ్గరే, ఎప్పట్నుంచో ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాటే పెట్టారు. ఇప్పుడు అంబేద్కర్ గారి పేరుతో ఉన్నది అదే. బడికి వెళ్ళనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆ రోజుల్లో కల్పించారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాలంటే 14 ఏళ్ళు నిండితే చాలు, పైన హద్దు లేదు. దారికి కొరత లేదు. కొరతల్లా ఇంట్లో ఒక్క గంటకి, అందులోనూ ఆడవాళ్ళకి. ఆవిడ పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద కూర ఎవరు చూస్తారో ముందు తేలాలి. అది తేలితే సగం చదువు అయినట్టే.

నాన్నగారి కర్మకాండలు అయ్యాక పెట్టెని మళ్ళీ అటకెక్కించబోయాను. "ఉండనీరా" అంది అమ్మ. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం వెళితే తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి సరళీ వరస వినిపిస్తోంది. తిత్తి ఆడిస్తూ రెండేళ్ళు విన్నదంతా వేళ్ళల్లోకి దిగినట్టుంది.

"నీకూ ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదేం అమ్మా?" అన్నాను.

"ఎవరైనా అడిగితే గదా" అంది, చెయ్యి ఆపకుండా.

ఇప్పుడు అమ్మకి 76. తిత్తికి కొత్త తోలు వేయించాం. చూపుడువేలు సరిగ్గా వంగదు, మధ్యవేలుతోనే సర్దుకుంటుంది. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా వాయిస్తుంది. ఆ వేళకి వంట నాది.

సెలవు. నమస్కారం.