సరేలే అని వెళ్లిపోయిన కుర్రాడు

మాస్టర్లకి, ముందు వరసలో కూర్చున్న అమ్మలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్నలకి నమస్కారం. నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. నరసన్నపేట నుంచి టెక్కలి దాకా తాళి కట్టే వేళకి మీకు అడ్డంగా నిలబడి తిట్లు తినేది మా జాతే. అలాంటివాణ్ణి పట్టుకొచ్చి ఈ పిల్లలకి కెమెరా నేర్పమన్నారు. వాళ్లు తీయాల్సిన చిన్న వీడియోలకి విషయమేమో, ఇష్టపడ్డవాళ్ల మధ్య ఉండాల్సిన మర్యాద.

మొదట రాసుకొచ్చిన కథలన్నిట్లో చెంపదెబ్బే. వెనక వయొలిన్. ‘నన్ను క్షమించు’ అంటాడొకడు. శ్రీకాకుళం జిల్లాలో ఏ గుంటడు అలా అంటాడండీ? ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయమన్నాను. పక్కనున్న విజయనగరంలో గురజాడ వారి కన్యాశుల్కం 1892లోనే జనం మాటతో స్టేజీ ఎక్కింది, మనకేటి సిగ్గు?

అప్పుడొచ్చింది అసలు సరుకు. బస్టాపులో అబ్బాయి చెయ్యి చాపుతాడు.

“ఏదీ, ఫోనియ్యి. లాకేటి?”

“మా అమ్మకే సెప్పనేదు.”

“నాకూ సెప్పవా? అయితే నానంటే ఇష్టం నేదన్నమాట.”

అంతే. దెబ్బ లేదు, ఏడుపు లేదు. ఆ పిల్ల బొటనవేలు ఫోను మీద ఆగిపోతుంది. ఆ వేలినే ఎనిమిది సెకన్లు కదలకుండా పట్టింది పదో తరగతి అమ్మాయి. ఇన్నేళ్లుగా మంగళసూత్రం క్లోజప్పులు తీస్తున్న నాకు తట్టలేదది.

రెండోది కళింగపట్నంలో తీశాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, గాలికి మైకులో హోరు తప్ప మాట వినబడదు. చున్నీ మడతలో ఇయర్‌ఫోను మైకు దాచి గట్టెక్కాం. అమ్మాయి వద్దంటుంది, అబ్బాయి సరేలే అని వెళ్లిపోవాలి. పదకొండు టేకులు! ప్రతిసారీ వెనక్కి తిరిగి ‘ఎన్నాళ్లైనా ఆగుతాను’ అని అరుస్తాడు. ఎందుకురా అంటే, “ఊరికే ఎల్లిపోతే సీనేటుంది బాబాయ్?” అన్నాడు. వాడి తప్పు కాదు. ఊరికే వెళ్లిపోయే హీరోని వాడెక్కడ చూశాడు?

వద్దని తెలిసేలా చెప్పాక కూడా ఆడపిల్ల వెంట మళ్లీ మళ్లీ పడితే, ఆమె ఫోనులో, నెట్‌లో ఏం చేస్తోందో కాపు కాస్తే, అది నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. ఇది వినగానే మావాడి మొహం చూడాలి.

నా మొహం మాత్రం ఏం బాగుంది? పెళ్లికి ముందు తీసే షూటింగుల్లో, ‘చెయ్యి పట్టి లాగు బాబూ, ఆమె విడిపించుకుంటున్నట్టు ఉండాలి’ అని చెప్పింది నేనే. ఒక పెళ్లికూతురు నిజంగానే విడిపించుకుంది. నేను నటన అనుకుని బాగుందన్నాను. ఇప్పుడు ఏ షూటింగుకైనా ముందు పెళ్లికూతుర్నే అడుగుతున్నాను. షూటింగుకి అరగంట ఎక్కువ పడుతోంది, పట్టనీ.

ఈ వీడియోలు నెట్‌లో పెట్టడం లేదు. మొహాలు ఊరంతా తిరగడం వద్దని పిల్లలే తేల్చారు, ఈ హాల్లోనే చూపిస్తాం. దయచేసి మీ ఫోన్లలో తీయకండి. చివర్లో పిల్లలకి 1098, సైబర్ నేరాలకి 1930 నంబర్లు వస్తాయి, అవి మాత్రం రాసుకోండి.

పన్నెండో టేకులో కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకుని “సరేలే” అని, నేరుగా మరమరాల బండి దగ్గరికి పోతాడు. ఎవరా అని వెతక్కండి, ఇక్కడే ఉన్నాడు, సిగ్గుపడుతున్నాడు.

ఆ లైటు తీసెయ్యమ్మా.