బెల్ట్‌ని తిట్టే ముందు క్లచ్ విప్పి చూడండి

నమస్కారమండీ. నా చేతిలో ఉన్నది పోయిన చలికాలం తెగిపోయిన స్నోమొబైల్ బెల్ట్. స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. కుడి అంచు చూడండి, బాగానే ఉంది. ఇప్పుడు ఎడమ అంచు చూడండి. లోపలి దారాలు పీచుపీచుగా బయటికొచ్చేశాయి. దీనికంటే ముందు ఇంకొకటి తెగింది. దాన్ని తిప్పి కూడా చూడకుండా చెత్తలో పడేసి, బెల్ట్ నాసిరకం అనుకుని కొత్తది వేశాను. మంచులో చాలా దూరం వెళ్లాక ఆ కొత్తదీ తెగింది. అప్పుడు గానీ ఈ అంచు నా కంట పడలేదు.

తప్పు బెల్ట్‌ది కాదు. ఇంజన్ కింద ఉండే రబ్బరు మౌంట్ ఒకటి చిరిగింది. థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కినప్పుడల్లా ఇంజన్ కాస్త పక్కకి మెలిపడుతోంది, రెండు పుల్లీల మధ్య బెల్ట్ వంకరగా నడుస్తోంది. వంకరగా నడిచిన బెల్ట్ ఒకవైపే అరుగుతుంది. ఆ సంగతి మొదటి బెల్ట్ మీదే రాసి ఉంది. నేను చదవలేదు.

అందుకే ఈసారి మంచు పడకముందే క్లచ్ మొత్తం విప్పి చూపిస్తున్నాను. మీ దగ్గర పాత బెల్ట్ ఉంటే దయచేసి పారేయకండి. పని దానితోనే మొదలవుతుంది.

గేర్లు లేని స్కూటర్ విప్పి చూసినవాళ్లకి ఇందులో సగం తెలిసినట్టే. రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్ట్. కార్లలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది నెదర్లాండ్స్‌కి చెందిన డాఫ్ కంపెనీ, 1958లో బయటికి చూపిన డాఫ్ 600 కారుతో. స్నోమొబైల్‌లో ఇంజన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, దాని కొసన ఉండేది ప్రైమరీ. ట్రాక్‌ని, అంటే బండిని మంచు మీద ముందుకి తోసే రబ్బరు పట్టీని, తిప్పే వైపు ఉండేది సెకండరీ. ఈ పుల్లీలనే క్లచ్ అంటాం. ఒక్కో పుల్లీకి బెల్ట్‌ని రెండు పక్కలా పట్టే పళ్లేల్లాంటి రెండు చెంపలుంటాయి. ఒకటి కదలదు, ఒకటి జరుగుతుంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ప్రైమరీ లోపలి వెయిట్లు బయటికి విచ్చుకుని, కదిలే చెంపని రెండోదాని వైపు తోస్తాయి. చెంపలు దగ్గరైతే బెల్ట్ పైకెక్కుతుంది. అదే సమయంలో సెకండరీ చెంపలు విడిపోయి బెల్ట్ అక్కడ కిందికి దిగుతుంది. మనకి గేరు మారినట్టు అనిపించేది ఇదే.

స్కూటర్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. స్కూటర్‌లో వెనక చక్రం దగ్గర వేరే క్లచ్ ఉంటుంది. ఇక్కడ అది లేదు. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రైమరీ చెంపలు విడిగా ఉంటాయి, బెల్ట్ వాటి మధ్య వదులుగా కూర్చుంటుంది. కదలాలంటే ఆ చెంపలు వచ్చి బెల్ట్‌నే పట్టుకోవాలి. అంటే పట్టడం, జారడం, వేడెక్కడం అన్నీ బెల్ట్ పక్కగోడల మీదే. క్లచ్‌లో ఎక్కడ తేడా వచ్చినా దెబ్బ తినేది బెల్టే, తిట్లు తినేదీ బెల్టే.

ఇక పని. ఇంజన్ చల్లగా ఉండాలి. తాళం తీసి జేబులో వేసుకోండి, ఇంజన్‌ని ఆపేసే కిల్ స్విచ్ తాడు కూడా లాగేయండి. బెల్ట్ మీద కప్పి ఉండే గార్డు తెరవగానే ఎలుక గూడు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎండాకాలమంతా కదలని బండి వాటికి మంచి ఇల్లు. ఆ పీచు, గింజలు అన్నీ శుభ్రం చేశాకే ముందుకెళ్లండి, ఇంజన్‌కి గాలి వెళ్లే ఎయిర్ బాక్స్ కూడా ఓసారి తెరిచి చూడండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. గార్డు తీసి ఇంజన్ నడపొద్దు. బెల్ట్ లేకుండా అసలు నడపొద్దు. ఇంజన్ నిమిషానికి 8000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకి 130 చుట్ల పైనే. బెల్ట్ బరువు లేని ప్రైమరీ అదుపు దాటి తిరిగి పగిలితే ఆ ముక్కలకి అడ్డేముంటుంది? పక్కన కూర్చుని చూస్తున్న పిల్లాడి మొహం ఆ ఎత్తులోనే ఉంటుంది.

బెల్ట్ తీశారా, ముందు కొలవండి. వెర్నియర్‌తో పైభాగం వెడల్పు నాలుగైదు చోట్ల చూడండి. కొత్త బెల్ట్ వెడల్పు మీ మాన్యువల్‌లో ఉంటుంది, ఎంతవరకు అరగొచ్చో కూడా ఉంటుంది. చాలా బళ్లకి ఆ హద్దు ఒకటిన్నర మిల్లీమీటరుకి అటూఇటుగా ఉంటుంది. అన్ని చోట్లా ఒకేలా అరిగితే అది వయసు. ఒక్కచోట మాత్రం నడుం సన్నబడినట్టు లోపలికి తగ్గి ఉంటే, ట్రాక్ కదలకుండా బెల్ట్ అక్కడే నిలబడి ఉండగా ప్రైమరీ తిరిగిందన్నమాట. ట్రాక్ మంచుకి అంటుకుని గడ్డకట్టి ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు. పక్కగోడలు అద్దంలా మెరుస్తుంటే బెల్ట్ జారి కాలింది. పళ్ల మధ్య పగుళ్లుంటే, ఒక్క పన్ను ఊడినా సరే, దాని పని అయిపోయింది. ఒక అంచు మాత్రమే పీచుగా ఉంటే నా కథే మీదీ.

ఇప్పుడు పుల్లీ ముఖాలు. నల్లగా పట్టినది బెల్ట్ దుమ్ము, కరిగి అంటుకున్న రబ్బరు. మాస్క్, కళ్లద్దాలు పెట్టుకుని ముందు గాలి కొట్టండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోనివ్వొద్దు. తర్వాత మెరూన్ రంగు స్క్రబ్ ప్యాడ్‌తో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాల్సిందే. తర్వాత ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు కూడా చాలు జారడానికి. పోయిన సీజన్ అయ్యాక బెల్ట్ తీయకుండా వదిలేసిన బళ్లలో బెల్ట్ ఆనుకున్న చోట తుప్పు మచ్చ కనిపిస్తుంది. మచ్చ పైపైన ఉంటే ప్యాడ్‌తో పోతుంది. గోరు జారిస్తే తట్టేంత గుంట పడితే మాత్రం ఆ చెంప మళ్లీ బెల్ట్‌ని తినేస్తుంది.

అసలు పనంతా ప్రైమరీలో ఉంది, ఇక్కడ తొందర పడొద్దు. దాన్ని క్రాంక్ నుంచి ఊడదీయడానికి మీ మోడల్‌కి తగిన పుల్లరే వాడండి. సరిపోనిది పెట్టి సుత్తితో కొడితే క్రాంక్ కొస పోతుంది, అప్పుడు ఖర్చు క్లచ్‌తో ఆగదు. బల్ల మీదికి తెచ్చాక విప్పేముందు గుర్తులు వెతకండి. కవర్ మీద, మధ్యలో చేతులు చాచినట్టుండే స్పైడర్ అనే భాగం మీద, కదిలే చెంప మీద బాణమో ఎక్స్ గుర్తో ఉంటుంది. కనిపించకపోతే మీరే మార్కర్‌తో గీయండి. క్లచ్‌ని కంపెనీలో మొత్తంగా బిగించి బ్యాలెన్స్ చేస్తారు. ఒక్క స్థానం మారినా ఆ బ్యాలెన్స్ పోతుంది, వణుకు క్రాంక్ బేరింగుల మీద పడుతుంది.

కవర్ కింద స్ప్రింగ్ నొక్కుకుని కూర్చుని ఉంటుంది. అందుకని బోల్టులన్నీ కొద్దికొద్దిగా, ఎదురెదురుగా వదులు చేయండి, చేత్తో కవర్‌ని నొక్కి పట్టుకోండి. స్ప్రింగ్ బయటికి రాగానే దాని పొడవు కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి. కుంగిన స్ప్రింగ్ ఉంటే ఇంజన్ తక్కువ వేగంలోనే ప్రైమరీ బెల్ట్‌ని పట్టేసుకుంటుంది.

ఆ తర్వాత వెయిట్లు. చాలా క్లచ్‌లలో మూడుంటాయి. రోలర్ మీద ఆనే వంపులో వేలు జరిపి చూడండి, నునుపుగా పోవాలి. మధ్యలో మెట్టులా తగిలితే అరిగింది. ఒకటి అరిగితే మూడూ మార్చాలి, ఎందుకంటే ఇంజన్ వేగం రెట్టింపైతే వెయిట్ తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఒక గ్రాము తేడా బల్ల మీద చిన్నదే, 8000 చుట్ల దగ్గర చిన్నది కాదు. రోలర్లని వేలితో తిప్పి చూడండి. గుండ్రంగా ఉండాల్సినదానికి ఒకవైపు చదును పడిందంటే అది తిరగడం ఎప్పుడో మానేసి ఈడ్చుకుంటోంది. వెయిట్లు వేలాడే పిన్నులు, వాటి బుష్‌లు, స్పైడర్ పక్కన ఉండే ప్లాస్టిక్ బటన్లు కూడా చూడాలి. కొన్ని కొత్త క్లచ్‌లలో బటన్లకి బదులు రోలర్లే ఉంటాయి. చెంపని పట్టుకుని అటూఇటూ తిప్పితే టకటకా ఆడుతుంటే బటన్లు అయిపోయినట్టే.

చాలామంది అడిగేది: లోపల కొంచెం గ్రీజు పూయమంటారా? వద్దు. మాన్యువల్ ప్రత్యేకంగా ఫలానా చోట పూయమంటే తప్ప వద్దే వద్దు. ఇక్కడి బుష్‌లు పొడిగా నడవడానికే చేసినవి. గ్రీజు పూస్తే బెల్ట్ దుమ్ము వచ్చి అందులో కూర్చుంటుంది, రెండు వారాల్లో అది సాన పట్టే ముద్ద అవుతుంది. క్రాంక్ కొసకీ అంతే. సన్నగా ఏటవాలుగా ఉండే ఆ భాగం, క్లచ్ లోపలి రంధ్రం, రెండూ పొడిగా తుడిచి బిగించాలి. బోల్టుని టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన అంకెకే తిప్పండి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

సెకండరీలో చూడాల్సింది తక్కువే. హెలిక్స్ అనే ఏటవాలు దారి మీద గాడి పడిందా, దాన్ని ఆనుకునే రోలర్లు లేదా బటన్లు అరిగాయా చూడండి. స్ప్రింగ్ కొస ఏ రంధ్రంలో ఉందో విప్పేముందే ఫోటో తీసుకోండి, తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే తప్పు రంధ్రంలో పెడతాం. బిగించాక చెంపని చేత్తో మెలిపెట్టి తెరిచి వదలండి. ఎక్కడా పట్టకుండా తిరిగి మూసుకోవాలి.

నన్ను రెండుసార్లు మంచులో నిలబెట్టింది మాత్రం వరుస కుదరకపోవడం. బండికి తగిన అలైన్‌మెంట్ బార్ పెట్టి రెండు పుల్లీలు సరైన వరుసలో ఉన్నాయా చూడండి. సెకండరీ వెనక వాషర్లతో సరిచేసుకోవచ్చు. కానీ వాషర్లు ముట్టుకోకముందు టార్చి పెట్టి ఇంజన్ మౌంట్లు చూడండి. రబ్బరుకీ లోహానికీ మధ్య సందు కనిపిస్తుందా? ఇంజన్‌ని చేత్తో ఊపితే ఒకవైపు ఎక్కువ ఆడుతోందా? మౌంట్ చిరిగి ఉండగా వాషర్లు మారిస్తే, నిలబడ్డ బండిలో వరుస కుదిరినట్టే ఉంటుంది, థ్రాటిల్ నొక్కగానే పోతుంది. నా బండికి మొదటిసారి బార్ పెట్టి చూసినప్పుడు వరుస సరిగానే కనిపించింది. కారణం అదే.

బెల్ట్ వేశాక బిగువు. రెండు పుల్లీల మీదుగా బెల్ట్ పైన ఒక స్కేలు ఆనించి, మధ్యలో నొక్కి ఎంత దిగిందో కొలవండి. చాలా మోడళ్లకి 30 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ మాన్యువల్ ఏం చెబితే అదే పెట్టుకోండి. మరీ బిగిస్తే ఐడిల్‌లోనే బండి పాకుతుంది, రివర్స్ పడడం కష్టమవుతుంది. మరీ వదులైతే కదలడంలో ఆలస్యం, కదిలాక కుదుపు. అన్నట్టు, బెల్ట్ మీద అక్షరాలు ఏ దిక్కుకి ఉండేవో పాత బెల్ట్ తీసినప్పుడే గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఒక దిక్కులో నడిచిన బెల్ట్‌ని తిరగేసి వేయకూడదు.

కొత్త బెల్ట్‌ని సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టి వేయండి. తయారీలో అంటిన పూత పోతుంది. మొదటి 50 కిలోమీటర్లు దాన్ని సాధు చేసే దారి. వేగం మారుస్తూ, సగం థ్రాటిల్ దాటకుండా నడపండి.

మొదటి మంచు పడ్డ రోజు పది నిమిషాలు నడిపి ఆపండి. ఇంజన్ ఆపి, తాళం తీసి, గార్డు ఎత్తి, రెండు పుల్లీలనీ తడిమి చూడండి. ముందు చెయ్యి దూరంగా పెట్టి వేడి చూసుకుని తర్వాతే తాకండి. చెయ్యి ఆనించి ఉంచగలిగితే బాగున్నట్టు. ఒక పుల్లీ చల్లగా, ఇంకొకటి తాకలేనంత వేడిగా ఉంటే, బెల్ట్ ఆ వేడి పుల్లీలోనే జారుతోంది. ఇంటికి తిరిగొచ్చి ముందు దాన్నే విప్పండి. బెల్ట్ తీసి రెండు అంచులూ వెలుతురులో పెట్టి చూడండి. ఈ సంవత్సరం మొదటి నడక తర్వాత నేను తీసి చూసిన బెల్ట్ ఇది. రెండు వైపులా ఒకేలా ఉంది.